మరమ్మతు వేరు, మార్పు వేరు

2025 అక్టోబరు 22వ తేదీన అమెరికా దేశమునందలి ఇంటర్నెట్ సిస్టమ్స్ కన్సార్టియమ్ అను సంస్థ, తాను నిర్మించి పోషించుచున్న బైండ్ అను సాఫ్టువేరులో మూడు భద్రతాలోపములున్నవని ప్రకటించి, అదే దినమున వాని మరమ్మతులను లోకమునకు విడుదల చేసెను. నాయకుని కారు టైరు పగిలినచో మొదటిపుటలో చోటిచ్చు పత్రికలు ఇట్టి వార్తకు లోపలిపుటలలో సైతము చోటీయవు. అందు మేమును దోషులమే. కావున ఈ వారము ఈ విషయమును గూర్చి కొంత విపులముగ వ్రాయనెంచితిమి. సాంకేతికవిషయమని పాఠకమహాశయులు పుట త్రిప్పివేయవలదని మా ప్రార్థన. తమ బ్యాంకు పేరును టైపు చేసినవారు తమకు తెలియకయే దొంగయింటికి చేరుదురా లేక బ్యాంకునకే చేరుదురా యను ప్రశ్న ఇందిమిడియున్నది.

ఇంటర్నెట్టున యంత్రములు ఒకదానినొకటి అంకెలచేత గుర్తించును. మనుష్యులు పేరులచేత గుర్తింతురు. పేరు చెప్పినంతనే దానికి తగిన అంకెను వెదకితెచ్చి యిచ్చు ఏర్పాటునకు డీ.ఎన్.ఎస్. అని పేరు. తొలిదినములలో ఈ పేరులును అంకెలును ఒకే పట్టికగా కాలిఫోర్నియాయందలి స్టాన్‌ఫర్డ్ పరిశోధనాసంస్థ వారి యొద్ద నుండెడివి. ఎవరికి వారు ఆ పట్టికకు నకలు తెచ్చుకొనెడివారు. యంత్రములు పెరిగినకొలది ఆ పద్ధతి సాగదయ్యెను. 1983లో పాల్ మొకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు ఆ ఒక్క పట్టికను విభజించి, ఎవరి భాగమును వారే వ్రాసికొని వారే బాధ్యత వహించు విధానమును కల్పించెను. పూర్వము మనదేశమున ఏ యూరి అడంగలును ఆ యూరి కరణమే వ్రాసెడివాడు. తాలూకా కచేరీకి ఏ యూరికి కరణమెవ్వరో తెలిసిన చాలియుండెను. ఇదియు నట్టిదే. పైమెట్టున నున్న మూలసర్వర్లకు 'కామ్', 'ఇన్' మొదలగు అగ్రనామములకు అధికారులెవ్వరో మాత్రమే తెలియును. తెలుగు లిపిలో వ్రాయబడు '.భారత్' అను అగ్రనామము కూడ ఆ మూలపట్టికలో చేరియున్నది. యంత్రములకు మాత్రము ఆ తెలుగుపేరు అర్థములేని లాటిను అక్షరముల గుంపుగనే చేరుచున్నదనుకొనుడు. ఆ ముచ్చట మరియొకమారు.

మన తరఫున ఈ కరణములందరి యొద్దకును తిరిగి జవాబు తెచ్చునట్టి సర్వరునకు రిజాల్వరు అని వ్యవహారనామము. అది తెచ్చిన జవాబును కొంతకాలము తనయొద్ద దాచుకొనును. ఆ దాచినచోటికి క్యాషి యని పేరు. ఒక రిజాల్వరుపై వేలమంది, ఒక్కొక్కచో లక్షలమంది, ఆధారపడియుందురు. దాని క్యాషిలో ఒక కూటసమాధానము చేరినచో అంతమందికిని ఆ కూటసమాధానమే అందును. ఈ పనిచేయు సాఫ్టువేరులలో మిక్కిలి పురాతనమైనదియు, మిక్కిలి వ్యాప్తిగలదియు బైండ్. 1984 ప్రాంతమున బర్కిలీ విశ్వవిద్యాలయపు విద్యార్థులు నలుగురు దానిని ప్రారంభించిరి. నేటికిని అది ఉచితముగనే లభించుచున్నది.

మోసమునకు ఇందెక్కడ చోటున్నదో కచేరీల అనుభవముగలవారికి సులభముగ బోధపడును. రిజాల్వరు ప్రశ్న పంపునప్పుడు దానిపై ఒక అంకె వేయును. వచ్చిన జవాబుపై ఆ అంకెయే యున్నచో అది నిజమైన జవాబని నమ్మును. "మీ ఫలానా నంబరు లేఖకు జవాబుగా" అని పైన వ్రాసియున్న కాగితమును గుమాస్తా మారుమాటలేక దస్త్రమున చేర్చుకొనుట మనము చూచుచుండలేదా? ఆ అంకె 65,536 అంకెలలో ఒకటి. నిజమైన జవాబు చేరులోపలనే కూటలేఖలు వేలకొలది కురిపించినచో అందొకదానిపై సరియైన అంకె పడవచ్చును. పడకపోయినచో నిజమైన జవాబు క్యాషిలో స్థిరపడును. మరల ప్రయత్నించుటకు దాని గడువు తీరువరకు దొంగ వేచియుండవలయును. ఈ నిరీక్షణయే మనకు రక్షయని లోకము చిరకాలము నమ్మియుండెను. 2008లో డాన్ కామిన్‌స్కీ అను అమెరికను ఆ నమ్మకమును పటాపంచలు చేసెను. ఉన్న పేరును గాక, ఆ డొమైనులో లేనేలేని పేరులను వరుసగ కల్పించి అడిగించినచో ప్రతి పేరును ఒక క్రొత్త పందెమే. ఓడినందువలన నష్టము లేదు. గెలిచిన ఒక్క పందెమునందు, ఆ డొమైను యంతటికిని అధికారసర్వరు ఫలానా యని కూటలేఖలో వ్రాసి రిజాల్వరును నమ్మింపవచ్చును.

ఆయన ఈ రహస్యమును అమ్ముకొనక, పాల్ విక్సీ మొదలగు నిపుణులకు తెలిపెను. 2008 మార్చి 31వ తేదీన 16 గురు నిపుణులు రెడ్మండ్ నగరమున మైక్రోసాఫ్టు వారి ఆవరణలో సమావేశమై ఆలోచించిరి. పరస్పరము పోటీపడు సంస్థలు నెలల తరబడి నోరు మెదపక, జూలై 8వ తేదీన అందరును ఒకేమారు మరమ్మతులను విడుదల చేసిరి. లేఖపై అంకెతోబాటు లేఖ బయలుదేరు ద్వారమును కూడ ప్రతిమారును ఊహకందనట్లు మార్చుటయే ఆ మరమ్మతు. పోర్టులని పేరుగల ఈ ద్వారములు 64,000 వరకు కలవు. అంతట దొంగ ఊహింపవలసిన కలయికలు 65,536 నుండి ఇంచుమించు 400 కోట్లకు పెరిగెను. డేనియల్ బెర్న్‌స్టైన్ అను ఆచార్యుడు వ్రాసిన మరియొక సాఫ్టువేరులో ఈ జాగ్రత్త అంతకుముందే యుండెను. తక్కినవారు దానిని అనుసరింపలేదు. ఒకరి జాగ్రత్తను మరియొకరు చాదస్తమనుకొనుట ఒక్క మనదేశపు ఆచారమే కాదని ఇందువలన తెలియుచున్నది.

వివరములు ఆగస్టు నెలవరకు గోప్యముగ నుంచవలయునని సంకల్పము. కాని జూలై 21వ తేదీకే, అనగా 13 దినములకే, ఇతరులు ఊహించి బయటపెట్టిరి. ఆ 13 దినములలో మరమ్మతు చేసికొనినవారు బ్రదికిరి. చేసికొననివారి గోడకు కన్నమెక్కడ నున్నదో లోకమంతటికి చాటబడినది. మరమ్మతును గూర్చిన ప్రకటనకు ఇట్లు రెండు ముఖము లుండును. యజమానికి అది హెచ్చరిక. దొంగకు అది దారిచూపు పటము. ప్రకటన వెలువడిన గడియనుండి ఆలస్యమునకు పూర్వమున్న అర్థము మారిపోవును.

మరియొక సంగతి కూడ దాచక చెప్పవలయును. ఆ జూలై మరమ్మతు వలన బైండ్ వేగము తగ్గెను. సెకనునకు 10,000 ప్రశ్నలకు మించి వచ్చు పెద్ద రిజాల్వరులు తడబడినవి. ఆ దోషమును సవరించు రెండవ మరమ్మతు ఆగస్టు ప్రారంభమునగాని రాలేదు. మొదటిదానిని శీఘ్రముగ వేసికొనినవారు కొన్నివారములు కష్టపడిరి. అయినను వారు చేసినదే సరియని మా అభిప్రాయము. కుంటినడక నడచు సర్వరును చూచి ప్రజలు విసుగుకొందురు. అబద్ధమాడు సర్వరునైతే నమ్మి మోసపోదురు.

ఇక 2025 సంగతి. ప్రకటించిన మూడు లోపములలో ఒకటి సర్వరు శక్తిని వృథాచేయించి నిలువరించునట్టిది. రెండవది, అడుగని సంగతులను సైతము జవాబులలోనుండి స్వీకరించు అతివిశ్వాసము. మూడవదానిని చూచి మేము ముక్కుపై వ్రేలు వేసికొంటిమి. లేఖ అంకెను, బయలుదేరు ద్వారమును ఊహకందనట్లు ఎన్నుకొనుటకై ఆ సాఫ్టువేరులో నున్న సాధనమే బలహీనమైనదనియు, కొన్ని పరిస్థితులలో రాబోవు అంకెను, ద్వారమును ముందుగ లెక్కకట్టవచ్చుననియు తేలినది. అనగా 2008లో కట్టిన గోడ చూపునకు నిలిచియున్నను అందొక యిటుక వదులై యున్నది. ఆ వదులుతనము 9.16 అను శాఖ తొలి విడుదలనుండియు, అనగా 2020నుండియు, ఉన్నదట. 9.18.41, 9.20.15 అను విడుదలలలో దానిని సవరించిరి. 9.16 శాఖకు మాత్రము నిర్మాతలు ఏ మరమ్మతును ఈయలేదు. దాని ఆయువు 2024 ఏప్రిలుతో తీరిపోయినది. గడువు తీరిన దస్తావేజు కోర్టులో చెల్లనట్లు, గడువుతీరిన శాఖకు నిర్మాతల యొద్ద మొరపెట్టుకొనుటకు దారి లేదు. రెడ్ హ్యాట్ వంటి కొన్ని సంస్థలు తమ ఖాతాదారుల కొరకు ఆ పాత శాఖకే స్వయముగ మాసికలు వేసి యిచ్చుచున్నవి. కావున సంఖ్యను మాత్రమే చూచి "ఇది పాతది, ప్రమాదకరము" అని ఆడిటరు వ్రాసిపోవుటయు న్యాయము కాదు. ఎవరి యొద్దనుండి తెచ్చినది, ఎవరు పోషించుచున్నారు అని విచారింపవలయును.

మా పట్టణమున ఒక కార్యాలయము గలదు. పేరు చెప్పము. అచ్చటి సర్వర్లను చూచుకొను ఉద్యోగిని పై ప్రకటన వెలువడిన కొలది దినములకు కలిసికొంటిమి. ఆయన నిర్మాతల యొద్దనుండి నేరుగ తెచ్చుకొనిన 9.16 శాఖనే నడపుచున్నాడు. "మరమ్మతు వచ్చినదని ఎరుగుదురా?" అని యడిగితిమి. "ఎరుగుదునండీ. కాని పనిచేస్తున్నదాన్ని ముట్టుకోవద్దని పైవారి హుకుం" అనెను. ఆ హుకుమునకు ఒక చరిత్ర యున్నది. 2024లో ఆ శాఖ ఆయువు తీరినదని విని, ఆయన శ్రద్ధతో ఒక రాత్రి కూర్చుండి 9.20 శాఖకు మారెను. సర్వరు లేవలేదు. డొమైను సంతకములను తనంతట తాను చూచుకొనుమని చెప్పు పాత ఆజ్ఞ యొకటి ఆయన పట్టికలో నున్నది. క్రొత్త శాఖలో ఆ ఆజ్ఞను నిర్మాతలు తీసివేసి, దానికి బదులు వేరొక విధానమును పెట్టిరి. మరునాడు మధ్యాహ్నమువరకు కార్యాలయమునకు ఉత్తరములు రాలేదు, పోలేదు. ఆయన పాత శాఖను మరల నిలిపి ప్రాణము దక్కించుకొనెను. కాని సంజాయిషీ అడుగుచు మెమో వచ్చెను. ఒక ఇంక్రిమెంటు ఆగెను. అటుపిమ్మట ఆయన ఏ మరమ్మతును చేయలేదు. ఏల చేయలేదని ఇంతవరకు ఆయన నడిగినవారు లేరు.

మేము వృత్తిచేత న్యాయవాదులము గనుక ఉభయపక్షములను వినుట మాకు అలవాటు. ఆయన పక్షమున దోషము లేకపోలేదు. 9.18 శాఖకు మొదట మారియుండినచో ఆ పాత ఆజ్ఞ "త్వరలో తీసివేయబడును" అను హెచ్చరికతో గడచిపోయెడిది. పట్టికలోని తప్పులను సర్వరును లేపకముందే పరీక్షించు చిన్న సాధనము బైండ్‌తోనే వచ్చును. ఆ రాత్రి దానిని వాడియుండినచో సంగతి ముందే తెలియును. కాని ఆయన పై అధికారుల పక్షమున మాకు ఒక్క సమర్థనయు కానరాకున్నది. మరమ్మతు చేసి ఒకపూట ఆటంకము తెచ్చినవానిని శిక్షించిరి. మరమ్మతు చేయక ఏడాదికిపైగ తలుపు తెరచియుంచినవానిని — అతడును ఈతడే — మెచ్చుకొనకపోయినను మన్నించిరి. ఇట్టి కార్యాలయమున బుద్ధిమంతుడెవ్వడు మరమ్మతు చేయును? తలుపు విరిగిన చప్పుడు అందరికి వినబడును. తెరచియున్న తలుపు చప్పుడు చేయదు.

నిర్మాతలను గూర్చియు ఒక మాట. వారు పాత ఆజ్ఞలను తీసివేయుట స్వేచ్ఛాచారమని కొందరు నిందింతురు. మేమందుకు సమ్మతింపము. ఒకే పనికి రెండు మూడు పాత దారులను మోసికొనిపోవు సాఫ్టువేరులో లోపములు దాగుటకు మూలలు ఎక్కువ. 2022 జనవరిలో వచ్చిన 9.18 శాఖలో ప్రశ్నోత్తరములను ఇతరులు చదువకుండ కప్పిపంపు సౌకర్యములను చేర్చిరి, అవి కావలసినవే. సమస్తమును పారవేసి క్రొత్తగా వ్రాసికొనుడని సలహాయిచ్చు వీరులున్నారు. ఆ సంస్థయే అట్లు బైండ్ 10 అను పేర ప్రయత్నించి, కొన్ని యేండ్లు శ్రమించి, 2014లో విరమించినది. పాతయింటిని నివాసముండగనే బాగుచేసికొనుట కష్టమైన పనియే గాని, ఇల్లు విడిచి వీధినబడుటకంటె మేలు.

మా వాదమెల్ల ఒక్క అంశముపైననే. భద్రత కొరకు చేసిన మరమ్మతును, సౌకర్యము కొరకు చేసిన మార్పును ఒకే మూటగ కట్టి యీయరాదు. మార్పు నచ్చనివాడు, మార్పునకు భయపడినవాడు, మార్పునకు తీరికలేనివాడు మరమ్మతును గూడ విడిచిపెట్టును. శాసనసభలలో దీనికి సరిపోలినది మేము చూచుచునే యున్నాము. "సందేహనివారణార్థము" అని పేరుపెట్టి క్రొత్త పన్ను నొకదానిని సవరణచట్టమున దూర్చుట కద్దు. అది వివరణయా, నూతనవిధానమా యని కోర్టులు ఏండ్ల తరబడి తర్కించును. సాఫ్టువేరు వాడుకొనువానికి కోర్టు లేదు. ఆ రాత్రి వాడే వాదియు, ప్రతివాదియు, న్యాయాధిపతియు. బైండ్ నిర్మాతలు ఈ ధర్మమును చాలవరకు పాటించుచున్నారని ఒప్పుకొనవలయును. సరిసంఖ్యగల శాఖలు స్థిరమైనవి, బేసిసంఖ్యగలవి ప్రయోగమునకని నియమము చేసిరి. స్థిరశాఖలలో ఒక విడుదలనుండి మరియొక విడుదలకు పోవుటకు సాధారణముగ జంకవలసిన పని లేదు. జంకవలసినది శాఖనుండి శాఖకు దాటునప్పుడు. ఈ భేదమును మన ఉద్యోగులలో పలువురు ఎరుగరు. అన్నిటికిని 'అప్‌డేటు' అని ఒక్కటే పేరు పెట్టి, అన్నిటికిని ఒక్కటే భయము పడుచున్నారు.

ఐనను ఈ గీటు ఎల్లప్పుడును స్పష్టముగ నుండదు. 2024 జూలైలో బైండ్‌నకు వచ్చిన మరమ్మతు నొకదానిని చూడుడు. ఒకే పేరుక్రింద లెక్కలేనన్ని నమోదులను పేర్చి సర్వరును మందగింపజేయవచ్చునని తెలిసి, ఒక పేరునకు ఒక జాతి నమోదులు 100కు మించరాదని పరిమితి విధించిరి. దొంగకై వేసిన కంచె అది. కాని ఏ దుర్బుద్ధియు లేక, తమ అవసరముకొరకే ఒక పేరుక్రింద 100కు మించి నమోదులు వ్రాసికొనినవారి పట్టికలు ఆ మరమ్మతు పిమ్మట చెల్లకపోయెను. పరిమితిని సడలించు ఆజ్ఞ లేకపోలేదు. అది యున్నదని ప్రకటనను చదివినవారికే తెలియును. మరమ్మతుయే మార్పైనప్పుడు నిర్మాతల విధి, ఎవరికి ఇబ్బంది కలుగునో పెద్దయక్షరములతో మొదటనే చెప్పుట. మన విధి, దానిని చదువుట. కక్షిదారు చదువక సంతకముచేసిన ఒప్పందములతోనే మా వృత్తి సగము నడచుచున్నదని ఈ సందర్భమున ఒప్పుకొనుటకు సిగ్గుపడము.

అదే సంవత్సరము ఫిబ్రవరి 13వ తేదీన బయటపడిన 'కీట్రాప్' అను లోపమును కూడ ఇచ్చట స్మరింపవలయును. కూటసమాధానములను అరికట్టుటకై జవాబులపై సంతకము చేయు పద్ధతి యొకటి కలదు. దానికి డీ.ఎన్.ఎస్.సెక్ అని పేరు. మూలపట్టికకే 2010 జూలైలో ఈ సంతకము ప్రారంభమయ్యెను. రిజిస్ట్రారు మొహరు వంటిదది. జవాబుతో వచ్చిన ప్రతి సంతకమును ప్రతి తాళపుచెవితోను పోల్చిచూచి, ఏదియో ఒకటి సరిపడువరకు విడువవలదని ఆ పద్ధతిని వ్రాసిన పెద్దలు నియమము చేసిరి. సదుద్దేశమే. కాని జర్మనీలోని ఏథీన్ అను పరిశోధనాకేంద్రము వారు చూపినదేమనగా, దుష్టుడొకడు సరిపడని సంతకములను, సరిపడని తాళపుచెవులను గుట్టగ పోసి ఒక్క జవాబులో పంపినచో, సర్వరు వానినన్నిటిని ఒకదానితో నొకటి పోల్చుచు కూర్చుండును. బైండ్ అట్లు ఒక్క జవాబుతో సుమారు 16 గంటలు స్తంభించునని లెక్కతేలెను. వేయిమంది అబద్ధపు సాక్షులను పిలిపించి, ప్రతివానిని విచారింపకతప్పదని పట్టుబట్టు కక్షిదారుని మేము చూచియున్నాము. చట్టము కోర్టు చేతులు కట్టివేసినచో వాడు గెలువనక్కరలేదు. కాలము గడపిన చాలును. ఈ లోపము ఒక్క బైండ్‌ది కాదు. నియమములోనే యుండుటచే అన్‌బౌండ్, పవర్‌డీ.ఎన్.ఎస్., నాట్ మొదలైన తక్కినవానికి కూడ సోకినది. ఇన్ని విఫలప్రయత్నముల పిమ్మట విచారణ చాలింపుడని పరిమితి విధించుటయే మరమ్మతు. నియమపు అక్షరమును మీరి నియమపు ఉద్దేశమును కాపాడిన ఆ నిర్మాతలను మేము అభినందించుచున్నాము.

మార్పును తొందరలేక, వేరుగ, ముందుగ చెప్పి చేయుట సాధ్యమేనా యని యడుగువారికి 2018 నాటి దృష్టాంతము కలదు. మూలపట్టికను సంతకము చేయు మూలపు తాళపుచెవిని మార్చవలసివచ్చెను. ముహూర్తము 2017 అక్టోబరు 11. లోకమందు రిజాల్వరులు కొన్ని క్రొత్త తాళపుచెవిని ఇంకను నేర్వలేదని సూచనలు కనబడగనే పెద్దలు అభిమానమునకు పోక ఆ ముహూర్తమును నిలిపివేసిరి. ఒక సంవత్సరము ప్రచారము చేసి, 2018 అక్టోబరు 11వ తేదీన మార్చిరి. పెద్ద యిబ్బంది లేక జరిగిపోయెను. మార్పునకు ఏడాది ఆగవచ్చును. మరమ్మతునకు 13 దినములు కూడ లేకపోవచ్చును. ఈ రెంటిని ఒక్క గడియారముతో నడపుట యెట్లు?

ఇందొక న్యాయప్రశ్న కూడ కలదు. లోపమును బహిరంగముగ ప్రకటించుటకు కొన్నిదినములు ముందుగనే, తమకు చందా చెల్లించు ఖాతాదారులకు నిర్మాతలు రహస్యముగ తెలుపుచున్నారు. బీదవానికి ఆలస్యముగ తెలుపుట ధర్మమా యని కొందరు కోపింతురు. మొదట మేమును కోపించితిమి. కాని లోకమంతయు ఉచితముగ అనుభవించు వస్తువును పోషించు కొద్దిమందికి జీతములెవ్వరీయవలయును? ఆ చందాలే ఆ జీతములకు ఆధారము. లక్షలమందికి సేవచేయు మన ప్రభుత్వశాఖలు, బ్యాంకులు, విశ్వవిద్యాలయములు చందా చెల్లించి ముందుగ తెలిసికొనుటకు శక్తి లేనివి కావు. గోష్ఠిమందిరములకు, శిలాఫలకములకు వ్యయమగు ధనములో ఒక పాలు చాలును. శక్తియుండి చెల్లింపనివారికి బీదవాని పేరు చెప్పుకొను హక్కు లేదు.

మన ప్రభుత్వము ఊరకయున్నదని చెప్పజాలము. సర్ట్-ఇన్ అను కేంద్రసంస్థ సాఫ్టువేరు లోపములను గూర్చి ఎప్పటికప్పుడు హెచ్చరికలను ప్రకటించుచున్నది. ఇన్‌ఫర్మేషన్ టెక్నాలజీ చట్టము 70బి సెక్షను క్రింద 2022 ఏప్రిలు 28వ తేదీన ఆ సంస్థ యిచ్చిన ఉత్తరువుల ప్రకారము, ప్రమాదము తెలిసిన 6 గంటలలో దానిని నివేదింపవలయును. సర్వర్ల దినచర్యపత్రములను 180 దినములు భద్రపరుపవలయును. మంచిదే. కాని ఈ ఉత్తరువులో గడియారము దొంగ లోపల ప్రవేశించిన పిమ్మటనే తిరుగ మొదలిడును. మరమ్మతు ప్రకటింపబడిన గడియనుండి దానిని వేయువరకు ఎన్నిదినములు గడువని ఇందు లేదు. ప్రజలకు సేవచేయు సర్వర్లకు అట్టి గడువు నొకదానిని అదే బలముతో విధింపవలయునని మా కోరిక. ఏడు దినములా, పదునాలుగా యని నిపుణులు తేల్చుదురుగాక. గడువుతోబాటు ఒక రక్షణ కూడ వ్రాయవలయును. పద్ధతిప్రకారము పరీక్షించి, గడువులోపల మరమ్మతు వేసిన ఉద్యోగి, దానివలన ఒకపూట ఆటంకము కలిగినను శిక్షార్హుడు కాడు. వేయనివాడు మాత్రము ఏల వేయలేదో వ్రాతమూలకముగ చెప్పవలయును. చెప్పవద్దని ఆజ్ఞాపించిన పై అధికారియు ఆ కాగితముపై సంతకము చేయవలయును.

పద్ధతియన నేమో కష్టసాధ్యమైనది కాదు. ఏ డొమైనుకైనను కనీసము రెండు సర్వర్లుండవలయునని డీ.ఎన్.ఎస్. పుట్టుకనుండియు నియమము. ఒకదానికి మరమ్మతు వేసి ఒక దినము చూచి, పిమ్మట రెండవదానికి వేసినచో ప్రజలకు ఆటంకమే యుండదు. మేము పైన చెప్పిన కార్యాలయమున రెండవ సర్వరు లెక్కలలో నున్నది. చూడబోయినచో అదియు మొదటి యంత్రముననే యున్నది. ఒక్క యంత్రమునకు రెండు పేరులు పెట్టిరి. నియమము తీరినది, ఖర్చు మిగిలినది.

ఈ వ్యాసము వ్రాయుటకు ముందు ఆ ఉద్యోగిని మరల కలిసికొంటిమి. తన యింట నొక పాత కంప్యూటరుపై 9.20 శాఖను నిలిపి, పాత ఆజ్ఞకు బదులు క్రొత్త విధానమును వ్రాసి, నెలదినములనుండి నడపి చూచుచున్నాడట. చక్కగ నడచుచున్నదని సంతోషముతో చూపెను. కార్యాలయమున వేయుటకు అనుమతియు, రెండవ యంత్రమునకు మంజూరును కోరుచు ఆయన పంపిన కాగితము పై కచేరీలో ఒక బల్లపై నున్నది. ఆ బల్ల ఎవరిదో ఆయన మాకు చెప్పెను. వారి విలాసమునకు ఈ సంచికను, ఈ పుటకు గుర్తుపెట్టి, నేటి తపాలాలో పంపుచున్నాము.